చెట్టూ ఫైకసే, నత్తా ఫైకసే: రెండు జీవులకు ఒకే శాస్త్రీయ నామం ఎలా వచ్చింది?

మహాబలిపురంలో గవ్వలమ్మే దుకాణంలో మా అన్నయ్య కూతురు ఒక గుల్ల కొనుక్కుంది. అరచేతిలో ఇమిడేంత ఉంది. బరువే లేదు, కాగితంతో చేశారేమో అనిపిస్తుంది. ఒక కొస బొద్దుగా, రెండో కొస సన్నగా సాగి ఉంది. లేత గోధుమరంగు మీద ముదురు మచ్చలున్నాయి. పెట్టె మీద అంటించిన చీటీలో 'ఫైకస్ వేరిగేటా' అని ఉంది. చెన్నైకి తిరిగొచ్చాక ఆ పేరు ఫోనులో వెతికింది. తెర నిండా చెట్లే! కాండానికి గుత్తులుగా కాయలు కాసిన పెద్ద పెద్ద చెట్లు.

"బాబాయ్, ఆయన చెట్టు పేరు అంటించి గవ్వ అమ్మేశాడు," అంది.

నేనూ ముందు అలాగే అనుకున్నాను. ఫైకస్ అంటే మర్రి, రావి అని చిన్నప్పుడు చదువుకున్న గుర్తు. తీరా చూస్తే దుకాణదారుడిది తప్పు కాదు, ఫోనుదీ కాదు. ఫైకస్ అనే చెట్లున్నాయి, ఫైకస్ అనే సముద్రపు నత్తలూ ఉన్నాయి. రెండు పేర్లూ చెల్లుతాయి. మొక్కలనూ పురుగులనూ ఫొటో తీసి పేరు కనుక్కునే యాప్‌లు ఇంటింటికీ వచ్చాక ఈ తికమక చాలామందికి ఎదురవుతోంది. 'శాస్త్రీయ నామం అంటే ప్రపంచంలో ఒకే జీవికి ఒకే పేరు' అని బడిలో నేర్చుకున్న మాట అప్పుడు బెసుకుతుంది. ఆ మాట అబద్ధం కాదు, కానీ సగమే చెబుతుంది.

ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత

శాస్త్రీయ నామంలో రెండు మాటలుంటాయి. మొదటిది ప్రజాతి, రెండోది జాతిని గుర్తించే మాట. ప్రజాతి పెద్ద గుంపు, జాతి అందులో ఒక్కటి. తెలుగువాళ్ళకు ఈ వరస వింతగా ఉండదు, ఎందుకంటే మనమూ ఇంటిపేరు ముందు చెప్పి సొంత పేరు తర్వాత చెబుతాం. మర్రి ఫైకస్ బెంగాలెన్సిస్, రావి ఫైకస్ రెలిజియోసా, మేడి ఫైకస్ రెసిమోసా, ఎండబెట్టి అమ్మే అంజూర ఫైకస్ కారికా. బాల్కనీ కుండీల్లో పెంచే రబ్బరు మొక్క ఫైకస్ ఇలాస్టికా. వీళ్ళందరిదీ ఒకే ఇల్లు. ఆకు తుంచితే పాలు కారడం దగ్గర్నుంచి కాయ నిర్మాణం దాకా పోలికలు కనిపిస్తాయి. అది నిజమైన చుట్టరికం.

ఒకసారి పూర్తిగా రాశాక ప్రజాతిని ఒక్క అక్షరానికి కుదించడం వాడుక: ఎఫ్. బెంగాలెన్సిస్, ఎఫ్. రెలిజియోసా. చెన్నైలో పెరిగిన తెలుగు పిల్లలకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. బడి రిజిస్టరులో వాళ్ళ ఇంటిపేరు ఒక్క అక్షరమై ఇనీషియల్‌గా మిగులుతుంది. తమాషా ఏమిటంటే, మా అమ్మాయి తరగతిలోనే 'వి' ఇనీషియల్ ఉన్న తమిళ పిల్ల ఇంకొకరున్నారు. ఆ పిల్ల 'వి' నాన్న పేరు, మా పిల్ల 'వి' ఇంటిపేరు. అక్షరం ఒకటే, దాన్ని పెట్టిన పద్ధతులు వేరు. ఫైకస్ చిక్కుముడి కూడా సరిగ్గా ఇలాంటిదే.

అడయారు మర్రినీ సముద్రపు నత్తనూ పక్కపక్కన పెట్టి చూస్తే

చెన్నైలో ఫైకస్ అనగానే అడయారు మర్రి గుర్తుకొస్తుంది. దివ్యజ్ఞాన సమాజం ఆవరణలోని ఈ చెట్టుకు సుమారు 450 ఏళ్ళుంటాయంటారు. 1989లో పెనుగాలికి దాని తల్లి మొదలు కూలిపోయింది. చెట్టు మాత్రం చావలేదు. నేలకు దిగి వేళ్ళూనిన ఊడలే కాండాలై కొమ్మలను మోస్తున్నాయి. మధ్యలో మొదలు లేకున్నా చుట్టూ పచ్చగా నిలబడి ఉన్న ఆ మర్రి కింద నిలబడితే, చెట్టు అనే మాటకు అర్థం కొంచెం మారినట్టనిపిస్తుంది.

ఫైకస్ చెట్ల అసలు రహస్యం కాయలో ఉంది. మర్రి, మేడి, అంజూర కాయ అని మనం పిలిచేది నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. వందలాది చిన్న పూలు కాయ గోడకు లోపలివైపు పూస్తాయి. అందుకే ఆ పూలు ఎవరికీ కనిపించవు. తమిళంలో చాలా అరుదుగా జరిగేదాన్ని 'అత్తి పూసినట్టు' అంటారు. లోపల పూసే పూలకు పరాగం అందించడానికి ఆవగింజకన్నా చిన్న కందిరీగలున్నాయి. మర్రికి సేవ చేసేది యూప్రిస్టినా మసోని అనే కందిరీగ. ఆడది కాయ కొసనున్న సన్నని రంధ్రంలోంచి దూరుతుంది, ఆ ఇరుకులో రెక్కలు కూడా ఊడిపోతాయి. లోపల పరాగం పంచి, గుడ్లు పెట్టి, అక్కడే చనిపోతుంది. దాని పిల్లల్లో రెక్కల్లేని మగవి బయటికి దారి తొలుస్తాయి, ఆడవి పరాగం మోసుకుంటూ ఎగిరిపోతాయి. మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయని మనం తరతరాలుగా ఎగతాళి చేసింది ఇలాంటి కందిరీగలనే. అవి లేకపోతే మేడికి విత్తనమే ఉండదు.

ఇక నత్త. ఫైకస్ నత్తలు సముద్రం అడుగున ఇసుకలో, బురదలో బతుకుతాయి. గుల్ల పలచగా, అంజూర కాయ ఆకారంలో ఉంటుంది. చాలా సముద్రపు నత్తలు ఒళ్ళు లోపలికి లాక్కుని మూత బిగించుకుంటాయి. పెద్దయిన ఫైకస్ నత్తలకు ఆ మూత లేదు. పాకేటప్పుడు ఒంటి మీది మెత్తని పొర బయటికి వచ్చి గుల్ల పక్కలను కప్పుతుంది. సన్నగా సాగిన కొస ఒక గొట్టానికి దారి. నీళ్ళు లోపలికి పీల్చుకునేది దాని గుండానే. పూజలో ఊదే శంఖం దీనికి దూరపు చుట్టం, రెండూ ఉదరపాదులే, అంటే పొట్టే పాదంగా పాకే జీవులే.

మరి ఈ రెండు ఫైకస్‌ల మధ్య చుట్టరికం ఎంత? మొక్కల దారీ జంతువుల దారీ విడిపోయి నూరు కోట్ల ఏళ్ళు దాటింది. ఇంకోలా చెప్పాలంటే, ఆ నత్తకు మర్రికన్నా మనమే దగ్గరి బంధువులం. నత్తగుల్లలన్నీ ఒక రేవున, ముత్యపు చిప్పలన్నీ ఒక రేవున అని సామెత. ఇక్కడ మాత్రం నత్తగుల్ల వెళ్ళి మర్రిచెట్టు రేవులో కూర్చున్నట్టుంది.

రెండు కచేరీలు, రెండు రిజిస్టర్లు

జవాబు జీవశాస్త్రంలో లేదు, పేర్లు నమోదు చేసే పద్ధతిలో ఉంది. మొక్కల పేర్లకు ఒక అంతర్జాతీయ నియమావళి ఉంది. శైవలాలు (నాచులాంటివి), శిలీంధ్రాలు (బూజు, పుట్టగొడుగుల్లాంటివి) కూడా దాని కిందికే వస్తాయి. జంతువులకు ఇంకొకటి ఉంది, బాక్టీరియాకు మూడోది. మొక్కల పేర్లకు సాధారణంగా లెక్క మొదలయ్యేది స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో తెచ్చిన గ్రంథంతో, జంతువులకు ఆయనదే 1758 నాటి గ్రంథంతో. నియమాలను రాతలో పెట్టింది కూడా విడివిడిగానే. జంతుశాస్త్రజ్ఞులు 1842లో బ్రిటన్‌లో ఒక నియమావళి రాసుకున్నారు, వృక్షశాస్త్రజ్ఞులు 1867లో పారిస్‌లో తమది రాసుకున్నారు. ఒకరి రిజిస్టరులో ఏముందో రెండోవారు చూడనక్కర్లేదన్న ఏర్పాటు అలా స్థిరపడింది.

రోడ్డు మీది ఉదాహరణ చెబుతాను. టీఎన్ 07 అంటే దక్షిణ చెన్నై. ఏపీ 07 అంటే ఒకప్పుడు గుంటూరు. ఉట్టి '07' చూసి బండి ఊరు చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. కానీ ఒకే రాష్ట్రంలో రెండు ఊళ్ళకు 07 ఇవ్వరు. ప్రజాతి పేర్లూ అంతే. చెట్టు ఫైకస్ 1753లో మొక్కల రిజిస్టరులోకి ఎక్కింది. 1798లో హాంబుర్గ్‌లో ఒక సేకరణకు జాబితా తయారుచేసిన రోడింగ్ నత్తలకు అదే పేరు పెట్టాడు. జంతువుల రిజిస్టరులో ఆ పేరు ఖాళీగా ఉంది, చెల్లింది.

ఒకే రిజిస్టరులో రెండుసార్లు పేరు పడితే ఏం జరుగుతుందో ప్లాటిపస్‌ను అడగాలి. బాతు ముక్కున్న ఆ ఆస్ట్రేలియా జంతువుకు 1799లో జార్జ్ షా 'ప్లాటిపస్ అనాటినస్' అని పేరు పెట్టాడు. కానీ ప్లాటిపస్ అనే పేరును 1793లోనే ఒక పెంకుపురుగుకు ఇచ్చేశారు. రెండూ జంతువులే కాబట్టి తర్వాత వచ్చినదానికి ఆ పేరు దక్కలేదు. 1800లో బ్లూమెన్‌బాక్ పెట్టిన 'ఆర్నితోరింకస్' దానికి ప్రజాతి పేరైంది. షా పెట్టిన రెండో మాట మాత్రం నిలిచింది. ఇవాళ దాని పూర్తి పేరు ఆర్నితోరింకస్ అనాటినస్: ఇంటిపేరు ఒకరు పెట్టింది, సొంత పేరు ఇంకొకరు పెట్టింది. ప్లాటిపస్ అన్న మాట జనం నోట మిగిలిపోయింది, శాస్త్రంలో అది పురుగుది.

ఇలా పేరు పంచుకోవడం లిన్నేయస్‌కు మాత్రం నచ్చలేదు. జంతుశాస్త్రంలో అప్పటికే ఉన్న పేరును వృక్షశాస్త్రజ్ఞులు తర్వాత తీసుకుని ఉంటే తిరిగి ఇచ్చేయాలని ఆయన 1751లోనే రాశాడు. ఆయన తర్వాతివాళ్ళు ఆ పట్టింపు పెట్టుకోలేదు.

ఒకే మాట ఇద్దరికీ ఎందుకు తడుతుంది

ఇలాంటి జంటలను హెమీహోమోనిములు అంటారు. నోరు తిరగని మాట కనుక ఇక్కడ పేరు పంచుకున్న జంటలు అందాం. ఇవి వెయ్యికి పైనే ఉన్నాయి, అన్నీ ఒక దారిన రాలేదు.

ఫైకస్ జంటకు కారణం ఆకారం. లాటిన్‌లో ఆ మాటకు అంజూర అని అర్థం. చెట్టుకు అది సహజంగా వచ్చిన పేరు, నత్తకు పోలికతో వచ్చింది. గుల్లలను పండ్లతో పోల్చడం ఆ కాలపు వాళ్ళకు సరదా అనుకుంటాను. మన శంఖం శాస్త్రీయ నామం టర్బినెల్లా పైరమ్, ఆ రెండో మాటకు బేరిపండు అని అర్థం. ఇంకో జంట అరెనేరియా. ఆ పేరుతో చిన్న పూల మొక్కలున్నాయి, సముద్రపొడ్డున రాళ్ళను ముక్కుతో తిరగేసి మేత వెతుక్కునే పక్షులూ ఉన్నాయి. వాటిలో అరెనేరియా ఇంటర్‌ప్రిస్ చలికాలంలో మన తూర్పు తీరానికి వలస వస్తుంది. మూలం లాటిన్‌లో ఇసుక. మొక్కా ఇసుకలోదే, పక్షీ ఇసుకలోదే.

మోరస్ కథ దీనికి పూర్తిగా భిన్నం. కంచి పట్టు వెనక పట్టుపురుగు ఉంది, పట్టుపురుగు వెనక మల్బరీ ఆకు ఉంది. ఆ మల్బరీ ప్రజాతి పేరు మోరస్, లాటిన్‌లో మల్బరీ చెట్టుకున్న పేరే అది. గానెట్లు అనే సముద్రపు పక్షుల ప్రజాతి కూడా మోరస్సే. అది మాత్రం గ్రీకులో 'తెలివితక్కువ' అన్న మాట నుంచి వచ్చింది. మనుషులకు సులువుగా చిక్కుతాయని ఆ పక్షులకు అంటించిన నింద. రెండు భాషల్లోంచి బయలుదేరిన రెండు మాటలు రాతలో ఒక్కటైపోయాయి. 'పాలు' అంటే తాగేవీ, పంచుకునేవీ అయినట్టు.

బాక్టీరియా రిజిస్టరుతోనూ ఇలాంటివున్నాయి. బాసిల్లస్ అంటే వైద్యులకు సూక్ష్మజీవి. కీటకశాస్త్రజ్ఞులకు అది పుల్లపురుగు కూడా. లాటిన్‌లో ఆ మాటకు చిన్న కర్ర అని అర్థం, రెండూ ఆ ఆకారంలోనే ఉంటాయి.

రెండు మాటలూ కలిసిపోయినప్పుడు

ప్రజాతి ఒక్కటే కలిస్తే రెండో మాట కాపాడుతుంది. ఫైకస్ బెంగాలెన్సిస్ అంటే మర్రి అనే. మా అమ్మాయి గుల్ల దగ్గర ఆ రక్షణ కూడా పోయింది. రోడింగ్ 1798లో నత్తకు 'ఫైకస్ వేరిగేటా' అని పెట్టాడు. 1825లో వృక్షశాస్త్రజ్ఞుడు బ్లూమే ఆగ్నేయాసియా అడవుల్లోని ఒక చెట్టుకు అక్షరం తేడా లేకుండా అదే పేరు పెట్టాడు. వేరిగేటా అంటే రంగురంగుల మచ్చలున్నది అని అర్థం. మచ్చలు ఎక్కడైనా ఉండవచ్చు కదా. ఇలా రెండు మాటలూ కలిసినవి అరుదే అయినా ఇదొక్కటే కాదు. పియరిస్ జపానికా అనే పొద ఉంది, అదే పేరుతో సీతాకోకచిలుకా ఉంది.

అప్పుడు తేడా చెప్పేది పేరు చివర రాసే తోక. జంతువులకు పేరు పెట్టినవారినీ సంవత్సరాన్నీ రాయడం వాడుక: ఫైకస్ వేరిగేటా, రోడింగ్, 1798. మొక్కలకు మామూలుగా పేరు పెట్టినవారితో ఆపేస్తారు, అదీ తరచుగా కుదించి. యాప్‌లు, చీటీలు ఈ తోకను కత్తిరించేస్తాయి. నర్సరీలో 'వేరిగేటెడ్ ఫైకస్' అని అడిగితే వచ్చేది ఈ రెండూ కాకుండా మూడోది: ఆకు మీద తెల్లటి మచ్చలున్న ఏదో ఒక కుండీ ఫైకస్ రకం.

రెండు నియమావళుల తేడా ఇంకొకచోట సరదాగా బయటపడుతుంది. జంతువులకు రెండు మాటలూ ఒకటే అయినా ఫరవాలేదు. నాగుపాము నాజా నాజా. గిండీ పార్కులో తిరిగే చుక్కల జింక ఆక్సిస్ ఆక్సిస్. నత్తల్లో ఏకంగా ఫైకస్ ఫైకస్ కూడా ఉంది. మొక్కల్లో ఇది నిషేధం. కాబట్టి ఎక్కడైనా ఒకే మాట రెండుసార్లు కనిపిస్తే అది మొక్క కాదని చూడకుండానే చెప్పవచ్చు.

గోత్రం అడిగితే తేలిపోతుంది

మన పెళ్ళిచూపుల్లో ఇంటిపేరు ఒకటైతే వెంటనే గోత్రం అడుగుతారు. ఒకే ఇంటిపేరుతో వేరే గోత్రాల వాళ్ళుంటారని తెలుసు కాబట్టి. శాస్త్రంలో ఆ పని చేసేది కుటుంబం పేరు. మొక్కల కుటుంబాల పేర్లు 'ఏసీ' అని ముగుస్తాయి, జంతువులవి 'ఇడే' అని. మర్రిది మోరేసీ, నత్తది ఫైసిడే. కుటుంబం చివరి అక్షరాలు చూస్తే చాలు, ఏ రిజిస్టరో తెలిసిపోతుంది. గానెట్ పక్షి సులిడే. ఇక మల్బరీ ఎక్కడిదనుకున్నారు? అదీ మోరేసీయే, ఆ కుటుంబానికి పేరు వచ్చిందే మోరస్ నుంచి. అంటే మోరస్ అనే మల్బరీకి ఫైకస్ అనే మర్రి చుట్టం, మోరస్ అనే గానెట్ ఏమీ కాదు. పేరు ఒకటైనవాళ్ళు పరాయివాళ్ళు, పేరు కలవనివాళ్ళు బంధువులు!

ఏ రిజిస్టరులో రాయాలో తేలని జీవులు

ఇంతవరకు చెట్టు చెట్టే, నత్త నత్తే. ప్రకృతి అంత శుభ్రంగా గీత గీసి పెట్టలేదు. 2019 ఆగస్టులో ఒక రాత్రి తిరువాన్మియూరు వైపు అలలు నీలంగా వెలిగాయి. ఊరంతా ఫోన్లు పట్టుకుని ఒడ్డుకు పరిగెత్తింది. అలా వెలిగే సూక్ష్మజీవుల్లో పేరున్నది నాక్టిలూకా. ఇది డైనోఫ్లాజెలేట్ల గుంపుది. ఆ గుంపులో కొన్ని మొక్కల్లా వెలుతురుతో ఆహారం తయారు చేసుకుంటాయి, కొన్ని వేటాడి తింటాయి, కొన్ని రెండూ చేస్తాయి. వృక్షశాస్త్రజ్ఞులు వీటిని శైవలాలుగా రాసుకున్నారు, జంతుశాస్త్రజ్ఞులు ఏకకణ జంతువులుగా. ఇలా ఒకే గుంపు రెండు నియమావళుల కిందా నడిచింది. ఒక పేరు ఇద్దరికి ఉండటం ఫైకస్ చిక్కు. ఒక జీవికి రెండు రిజిస్టర్లు ఉండటం దీనికి తలకిందులు, నా దృష్టిలో ఇదే పెద్ద చిక్కు.

ఒకే నియమావళి వస్తే?

అందుకే అన్నింటికీ కలిపి ఒకే నియమావళి ఉండాలన్న వాదన వచ్చింది. 'బయోకోడ్' పేరుతో 1997లో ఒక ముసాయిదా, 2011లో సవరించిన ముసాయిదా వెలువడ్డాయి. ఏదీ అమలు కాలేదు. కలపమనేవారి మాటలో బలం ఉంది. ఏ జీవి ఎక్కడ కనిపించిందో చెప్పే కోట్ల కొద్దీ నమోదులను ఇవాళ కంప్యూటర్లు కలుపుతున్నాయి, పేరే తాళంచెవి. పేరు ఒక్కటే చూసి కలిపితే చెట్ల పటంలో నడిసముద్రాన చుక్కలు పడతాయి.

వద్దనేవారు చెప్పేదీ కొట్టిపారేయలేం. మనిషికి సందర్భం తెలుసు. నత్తల పుస్తకంలో ఫైకస్ కనిపిస్తే ఎవరూ మర్రి అనుకోరు. పాత పేరు మార్చాలంటే వస్తుప్రదర్శనశాలల చీటీలు, అటవీ చట్టాల జాబితాలు, మందుల గ్రంథాలు అన్నీ తిరగరాయాలి. ముసాయిదా రాసినవాళ్ళు కూడా పాత పేర్లను కదిలించమనలేదు, ఇకమీద పెట్టేవాటి గురించే మాట్లాడారు. పేరు పక్కన ఒక సంఖ్య ఇచ్చి యంత్రాలకు ఆ సంఖ్యనే చూపించాలనేవారు ఇంకొందరు. నాకు ఒకే నియమావళి వద్దనేవారి మాటే ఎక్కువ సబబుగా తోస్తుంది. యాప్‌లు కుటుంబం పేరు కూడా చూపిస్తే సగం తగువు అక్కడే తీరుతుంది.

పాత పేర్లకూ వర్తించేలా 'ముందొచ్చినవారిదే పేరు' అని తీర్పు చెబితే ఏమవుతుందో మా ఇంటి గుల్ల మీదే లెక్క వేసి చూశాం. ఇంటిపేరు ఫైకస్ చెట్టుకు 1753లో వచ్చింది, నత్తకు 1798లో. కాబట్టి నత్త దాన్ని వదులుకోవాలి. కానీ ఫైకస్ వేరిగేటా అన్న జంటపేరు నత్తకు 1798లో, చెట్టుకు 1825లో వచ్చింది. కాబట్టి చెట్టు ఆ రెండో మాటను వదులుకోవాలి. ఒకరికి ఇంటిపేరు పోతుంది, ఇంకొకరికి సొంత పేరు పోతుంది.

మా అమ్మాయి చివరికి కొత్త చీటీ రాసింది: ఫైకస్ వేరిగేటా, రోడింగ్, 1798, ఫైసిడే. గుల్లను అలమారలో పెట్టి, పక్కన మా వీధి మర్రి కింద ఏరిన ఎండుటాకు పెట్టింది. దానికీ చీటీ కావాలంది. ఫైకస్ బెంగాలెన్సిస్, ఎల్., మోరేసీ అని చెప్పాను.

"ఈ ఎల్ ఇంటిపేరా బాబాయ్, వాళ్ళ నాన్న పేరా?"

లిన్నేయస్ అన్నాను. వృక్షశాస్త్రజ్ఞులు ఆయన్ను ఆ ఒక్క అక్షరంతోనే రాస్తారు.